ఇంట్లో ఎయిర్ రైఫిల్ విప్పి బాగుచేసుకోవాలంటే: ఏ పనిముట్టు కొనాలి, ఏది చేయించుకోవాలి, ఏది వద్దు

మన దేశంలో ఇంట్లో కూర్చుని తుపాకీ పని చేసుకునే సరదాకి చట్టం వదిలిన చోటు చాలా చిన్నది. మందుగుండుతో పేలే ఏ తుపాకీనైనా లైసెన్సు లేకుండా తయారుచేయడమే కాదు, మార్చడం, బాగుచేయడం కూడా 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద నేరం. అలాంటి పని లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికే వెళ్లాలి. మనకి మిగిలింది ఎయిర్ రైఫిల్. 2016 ఆయుధాల నియమాల ప్రకారం నాళం 4.5 మిల్లీమీటర్లు, అంటే 0.177 అంగుళం దాటకుండా, పెల్లెట్ శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. ఆ హద్దులో ఉన్న స్ప్రింగ్ రైఫిల్‌ని, అంటే స్ప్రింగ్ తోసే పిస్టన్ గాలిని నొక్కి పెల్లెట్‌ని పంపేదాన్ని, విప్పి, పిస్టన్ ముందు గాలి పట్టి ఉంచే వాషర్ మార్చి, గ్రీజు పెట్టి మళ్లీ కూర్చడానికి ఏ పనిముట్లు ఎంచుకోవాలన్నదే ఇక్కడి విషయం. శక్తి పెంచడం ఈ పనిలో భాగం కాదు, పెంచాలనుకునేవాళ్లకి ఇందులో ఏమీ దొరకదు.

ఇంకో హద్దు కూడా ముందే గీసుకోవాలి. 10 మీటర్ల పోటీల్లో వాడే రైఫిళ్లు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన ఈవెంటులోలాంటివి, ఇప్పుడు దాదాపు అన్నీ గాలి సిలిండర్‌తో నడుస్తాయి. ఆ సిలిండర్లో 200 బార్ల ఒత్తిడి ఉంటుంది, దానిమీద తయారీ తేదీ, వాడకం గడువు చెక్కి ఉంటాయి. ఇంట్లో పానా పట్టుకుని విప్పే వస్తువు కాదది. స్ప్రింగ్ బదులు గ్యాస్ ర్యామ్ (గ్యాస్ నింపి మూసిన గొట్టం) ఉన్న రైఫిల్‌లో కూడా ర్యామ్‌ని బయటికి తీసి కొత్తది వేయొచ్చు తప్ప ర్యామ్‌ని మాత్రం ఎప్పుడూ తెరవకూడదు.

పనిముట్లు ఎంచుకునేటప్పుడు చాలామంది ధర చూస్తారు, లేదా సెట్‌లో ఎన్ని ముక్కలున్నాయో చూస్తారు. చూడాల్సింది వేరే ఉంది: ఈ పనిముట్టు జారితే, వంగితే, తప్పితే ఏం పాడవుతుంది? స్క్రూడ్రైవర్ జారితే స్క్రూ తల చెడుతుంది, బ్లూయింగ్ (ఉక్కు మీది నల్లటి పూత) మీద గీత పడుతుంది. పంచ్ వంగితే చీల ఇరుక్కుపోతుంది. స్ప్రింగ్‌ని నొక్కి పట్టుకున్నది జారితే మనిషికి దెబ్బ తగులుతుంది. డబ్బు ఈ వరసని వెనక నుంచి ముందుకి చదివి పెట్టాలి.

స్ప్రింగ్ కంప్రెసర్: అన్నిటికంటే ముందు ఇదే

మెయిన్ స్ప్రింగ్ రైఫిల్ లోపల ఖాళీగా కూర్చోదు. తుపాకీ కాక్ చేయకపోయినా, అంటే కాల్చడానికి స్ప్రింగ్‌ని వెనక్కి నొక్కి పెట్టకపోయినా, అది కొంత నొక్కుకుని ఉంటుంది. రైఫిల్‌ని బట్టి ఆ నొక్కు మారుతుంది, కానీ లెక్క కోసం ఒక మాదిరి స్ప్రింగ్ తీసుకుందాం: మిల్లీమీటరుకి 7 న్యూటన్ల గట్టితనం, 50 మిల్లీమీటర్ల ముందస్తు నొక్కు. అంటే స్ప్రింగ్‌ని వెనక నుంచి ఆపే దిమ్మ మీద 350 న్యూటన్లు, దాదాపు 35 కిలోల తోపుడు. అందులో దాగిన శక్తి 8.75 జౌళ్లు. 200 గ్రాముల దిమ్మకి ఆ శక్తంతా అందితే సెకనుకి 9 మీటర్లకి పైన వేగంతో బయటికి వస్తుంది. అది వచ్చే దారిలో సాధారణంగా ఉండేది మొహమో, ఛాతీయో. తుపాకీని నేలమీద నిలబెట్టి ఒళ్లు బరువంతా వేసి నొక్కి చీల లాగేయొచ్చని చెప్పేవాళ్లున్నారు. విప్పేటప్పుడు అలా కుదిరినట్టు అనిపిస్తుంది. మళ్లీ కూర్చేటప్పుడు ఒక చేత్తో నొక్కుతూ, రంధ్రాలు కలిపి, రెండో చేత్తో చీల దూర్చాలి. వేళ్లు నలిగేది అక్కడే.

ఇక్కడ మీ ముందు నాలుగు దారులుంటాయి.

మొదటిది వడ్రంగులు తలుపు చట్రాలు బిగించడానికి వాడే పొడవాటి సాష్ క్లాంప్. పట్టీ మందంగా ఉండే టీ-బార్ రకమైతే వంగదు. పల్చటి పట్టీ ఉన్న ఎఫ్-క్లాంప్ తోపుడుకి వంగొచ్చు, దవడ వాలొచ్చు, వాలిన దవడ మీదనుంచి దిమ్మ పక్కకి జారుతుంది. పిస్తోలు పిడిలా నొక్కే రాచెట్ క్లాంప్ అయితే ఈ పనికి ఎప్పుడూ వద్దు. దాని పట్టు ఒక చిన్న ఇనుప పలక రాపిడి మీద ఆధారపడుతుంది, విడుదల మీట వేలు తగిలితే చాలు, ఒక్కసారిగా వదిలేస్తుంది. సాష్ క్లాంప్ కొనేముందు స్క్రూ ఎంత దూరం తిరుగుతుందో కొలవండి. మీ స్ప్రింగ్ ముందస్తు నొక్కుకి కనీసం 20 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. లేకపోతే స్ప్రింగ్ ఇంకా సగం నొక్కుకుని ఉండగానే స్క్రూ అయిపోతుంది, అప్పుడు ముందుకీ వెళ్లలేరు, వెనక్కీ రాలేరు.

రెండోది మీరే చేయించుకునేది. ఈ పని ఒకటి కంటే ఎక్కువసార్లు చేయబోతున్నవాళ్లకి మేం గట్టిగా చెప్పేది దీన్నే. బ్యారెల్‌ని వంచి కాక్ చేసే బ్రేక్-బ్యారెల్ రైఫిల్ పొడవు మీటరు దాటుతుంది, కాబట్టి అడుగు చెక్క 1.4 మీటర్లు, 100 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందం ఉండాలి. నల్లతుమ్మ, వేప, టేకు, ఏదైనా సరే, పగులు లేనిది, ముడి లేనిది కావాలి. ప్లైవుడ్ ముక్కలు అతికించి చేస్తే తోపుడు పొరలకి సమాంతరంగా పడి చీలిపోవచ్చు. ముందు చివర 50 మిల్లీమీటర్ల మందం దిమ్మని నాలుగు బోల్టులతో బిగించాలి, మేకులు కాదు. దానిలో బ్యారెల్ మూతి కూర్చునేలా లోతు గుంట తొలిచి తోలు వేయాలి, ఎందుకంటే మూతి అంచు మీద చిన్న దెబ్బ పడినా గురి చెడుతుంది. ముందు సైట్ విప్పి పక్కన పెట్టుకోవాలి. కంప్రెసర్ వెనక చివరి దిమ్మలో ఎం16 (16 మిల్లీమీటర్ల) ఫుల్ థ్రెడ్ రాడ్, 300 మిల్లీమీటర్ల పొడవు, దానికి సరిపోయే పొడుగాటి కప్లింగ్ నట్టు. రాడ్ చివర 200 మిల్లీమీటర్ల అడ్డ పిడి. ఎం16 మర ఒక చుట్టుకి 2 మిల్లీమీటర్లు నడుస్తుంది, అంటే 50 మిల్లీమీటర్ల నొక్కు వదలడానికి 25 చుట్లు. ఎం12 అయితే చుట్టుకి 1.75 మిల్లీమీటర్లే కానీ పొడవు ఎక్కువైతే రాడ్ వంగే అవకాశం ఉంది. ఈ నెమ్మదే మనకి కావాల్సింది: స్ప్రింగ్ ఎక్కడ వదులైందో చేతికి తెలుస్తుంది.

రాడ్ కొన రైఫిల్ వెనక దిమ్మని నేరుగా తాకకూడదు. తిరిగే కొన దిమ్మని కూడా తిప్పుతుంది, రంధ్రాలు వంకర పోతాయి. మధ్యలో నైలాన్ లేదా ఇత్తడి గిన్నె లాంటి ముక్క, దాని వెనక ఒక చిన్న త్రస్ట్ బేరింగ్ ఉంటే తిప్పుడు ఆగిపోయి తోపుడు మాత్రమే అందుతుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కలో ఏ లేత్ షాపుకైనా కొలత ఇస్తే ఈ గిన్నె చేసిస్తారు. గిన్నె ఆకారం మీ రైఫిల్‌ని బట్టి ఉండాలి. డయానా 34లో వెనక దిమ్మని రెండు అడ్డ చీలలు పట్టి ఉంచుతాయి, గిన్నె ట్రిగ్గర్ భాగాలని కాకుండా దిమ్మ అంచునే తోయాలి. ఒకటే అడ్డ చీలతో నిలిచే రైఫిళ్లలో ట్రిగ్గర్ పెట్టె అడ్డొస్తుంది, అక్కడ రెండు కాళ్ల ఫోర్క్ ఆకారం కావాలి. చివరగా, ట్యూబ్ (పిస్టన్, స్ప్రింగ్ ఉండే గొట్టం) పక్కకి జరగకుండా రెండు వైపులా చెక్క ముక్కలు, పైన ఒక బెల్టు. చాలా ఇంటి కంప్రెసర్లలో లేనిది ఈ పక్క కాపలానే, చాలా ప్రమాదాలు జరిగేదీ అది లేకే.

మూడోది లేత్. మెషిన్ మెయిన్ స్విచ్ ఆపి, చక్‌లో ఏదీ పట్టించకుండా, టెయిల్‌స్టాక్‌తో, అంటే చక్‌కి ఎదురుగా ఉండి చక్రం తిప్పితే ముందుకి జరిగే భాగంతో, నెమ్మదిగా నొక్కొచ్చు. టెయిల్‌స్టాక్ నేరుగా, సూటిగా తోస్తుంది, ఆ విషయంలో దీన్ని మించింది లేదు. తెలిసిన టర్నర్ ఉంటే ఒక్కసారి పనికి ఇది చవక. కానీ చీల దూర్చాల్సిన మనిషి, చక్రం తిప్పే మనిషి ఇద్దరు అవుతారు, ఒకరి మాట ఒకరికి అందక తొందరపడితే అన్ని జాగ్రత్తలూ వృథా. నాలుగోది విదేశాల్లో ఇదే పనికోసం అమ్మే రెడీమేడ్ కంప్రెసర్. బాగుంటుంది, కానీ తెప్పించుకునే ఖర్చు మీ రైఫిల్ ధరకి దగ్గర పడుతుందేమో ముందు చూసుకోండి.

వైహ్రాఖ్ కంపెనీ హెచ్‌డబ్ల్యూ 95, హెచ్‌డబ్ల్యూ 80, హెచ్‌డబ్ల్యూ 97 లాంటి రైఫిళ్లలో వెనక దిమ్మ మరతో బిగుస్తుంది. వీటికి కంప్రెసర్ అక్కర్లేదని అనుకోవడం సగం నిజం. మర చాలావరకు ఒత్తిడిని వదిలేలా చేస్తుంది, కానీ చివరి చుట్టు విడిపోయేసరికి కూడా కొంత తోపుడు మిగిలి ఉంటుంది. పైగా మళ్లీ కూర్చేటప్పుడు తోస్తూ తిప్పితే మొదటి మర అడ్డంగా పట్టి చెడిపోతుంది. ట్యూబ్‌లోని మర చెడితే బాగుచేయడం కష్టం. ఈ రైఫిళ్లకి కంప్రెసర్ కావాల్సింది మీ ప్రాణం కోసం కంటే మర కోసం.

ఏ దారి ఎంచుకున్నా కళ్లద్దాలు తప్పనిసరి, దిమ్మకి ఎదురుగా తల పెట్టకూడదు, మొదలుపెట్టే ముందు బ్యారెల్‌లో పెల్లెట్ లేదని, తుపాకీ కాక్ అయి లేదని చూసుకోవాలి. బ్యారెల్ వంచి లోపలికి చూసేటప్పుడు రెండో చెయ్యి బ్యారెల్‌ని వదలకూడదు. సియర్ (పిస్టన్‌ని పట్టి ఉంచే ట్రిగ్గర్ కొక్కెం) జారితే బ్యారెల్ ఎగిరి మూసుకుంటుంది, ట్రాన్స్‌ఫర్ పోర్టు (గాలి బ్యారెల్‌లోకి వెళ్లే రంధ్రం) దగ్గరున్న వేళ్లు తెగుతాయి.

స్క్రూడ్రైవర్: వాలుగా ఉన్నదా, సమాంతరమా

బజార్లో దొరికే మామూలు స్క్రూడ్రైవర్, టపారియా అయినా మరొకటైనా, కొన నుంచి పైకి వాలుగా మందమవుతూ పోతుంది. స్లాట్‌లో దాని మొన మాత్రమే అడుగుని తాకుతుంది, పక్క గోడలని పైన మాత్రమే ఆనుకుంటుంది. బలం పెట్టిన కొద్దీ ఆ వాలు దాన్ని పైకి ఎత్తేస్తుంది. స్టాక్ స్క్రూల తలలు చెడిపోయిన పాత రైఫిళ్లన్నీ ఈ వాలుకి బలైనవే. గన్‌స్మిత్‌లు వాడే హాలో-గ్రౌండ్ బిట్ కొన రెండు వైపులా సమాంతరంగా ఉంటుంది, స్లాట్ నిండా పట్టుకుంటుంది, పైకి ఎక్కదు.

బిట్ సెట్ కొనాలా, ఉన్నదాన్నే మార్చుకోవాలా? మీ రైఫిల్‌లో ఉన్నవి రెండు మూడు స్లాట్ స్క్రూలే అయితే మార్చుకోవడమే తెలివైన పని. మంచి ఉక్కుతో చేసిన ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని, కొనని నూనె రాయి మీద రెండు వైపులా సమంగా అరగదీసి, వాలు పోయి సమాంతరంగా వచ్చేదాకా చేయాలి. స్లాట్‌లో పెట్టినప్పుడు ఊగకూడదు, వెడల్పు స్క్రూ తల వ్యాసానికి సమానంగా ఉండాలి, దాటితే చెక్క మీద గీతలు పడతాయి. గ్రైండర్ మీద చేయొద్దు. ఉక్కు నీలం రంగుకి తిరిగితే గట్టితనం పోయినట్టే, ఇక ఆ కొన స్లాట్‌లోనే మెలికపడుతుంది. ఇంటికో రెండు మూడు రకాల రైఫిళ్లున్నవాళ్లకి మాత్రం పావు అంగుళం హెక్స్ బిట్ల సెట్ మేలు, మందం వేరువేరుగా ఉన్నవి కనీసం 10 స్లాట్ బిట్లు ఉండేలా చూసుకోండి. 100 ముక్కల సెట్ అని రాసి అందులో సగం మీరెప్పుడూ వాడని నక్షత్రం బిట్లే ఉంటే అది చవక కాదు.

అలెన్ కీల విషయంలో గుండ్రటి తల ఉన్నవాటితో విప్పడం మొదలుపెట్టొద్దు, ఆఖరి బిగింపు చేయొద్దు. గుండ్రటి కొన ఆరు మూలల్నీ సన్నటి గీతలాగా తాకుతుంది, మూలలు అరిగిపోతాయి. స్కోప్ మౌంట్ ఎక్కడ తయారైందో బట్టి మిల్లీమీటరు కీ, అంగుళం కీ, టార్క్స్ బిట్ మారుతుంటాయి. 2.5 మిల్లీమీటర్ల కీ పడాల్సిన చోట దాదాపు అంతే ఉన్న అంగుళం కీ దూరుతుంది, తిరుగుతుంది, మూల అరిగాకే తేడా తెలుస్తుంది.

పంచ్‌లు, సుత్తి

ఇత్తడి పంచ్‌లు బ్లూయింగ్‌ని గీయవు, అందుకే అవే కొనమని చాలాచోట్ల చెబుతారు. కానీ ఇత్తడి మెత్తనిది. గట్టిగా పట్టుకున్న 3 మిల్లీమీటర్ల చీల మీద నాలుగు దెబ్బలు వేస్తే ఇత్తడి పంచ్ కొన పుట్టగొడుగులా విచ్చుకుని రంధ్రంలోనే బిగుసుకుంటుంది. చీలని కదిలించడానికి ఉక్కు, కదిలాక బయటికి నెట్టడానికి ఇత్తడి, ఇదే సరైన జంట. ఉక్కువి 2, 3, 4, 5 మిల్లీమీటర్లు చాలు. చీల వ్యాసం కంటే పావు మిల్లీమీటరు సన్నగా ఉండాలి.

చీల బోలుగా, చుట్టిన రేకులా ఉంటే అది రోల్ పిన్. దానికి మామూలు పంచ్ వాడితే అంచు లోపలికి ముడుచుకుపోతుంది. మధ్యలో చిన్న మొటిమ ఉన్న రోల్ పిన్ పంచ్ వాడాలి. సుత్తి 200 గ్రాముల చిన్నది, ఒక వైపు నైలాన్, ఒక వైపు ఇత్తడి. అడుగున రంధ్రం తొలిచిన చెక్క దిమ్మ ఉంటే చీల పోయేందుకు దారి ఉంటుంది. ట్రిగ్గర్ భాగాలు కలిపి పట్టుకునే చీలలకి పొట్టి నకిలీ చీలలు ముందే చేసి పెట్టుకుంటే, అసలు చీల దూర్చినప్పుడు ఇవి ముందుకి జరిగి బయటపడతాయి. డ్రిల్ బిట్ వెనక చివర, సమాన వ్యాసం ఉన్నది, కోసుకుంటే ఇవి అరగంటలో అవుతాయి.

వైస్ ఎక్కడ పట్టించాలి

4 అంగుళాల బెంచ్ వైస్, దవడలకి 5 మిల్లీమీటర్ల తోలో, రెండు చెక్క పలకలో. ఇందులో ఎంచుకోవడానికి పెద్దగా లేదు, ఎక్కడ పట్టించారన్నదే ముఖ్యం. కంప్రెషన్ ట్యూబ్‌ని పిస్టన్ కదిలే చోట ఎన్నడూ వైస్‌లో బిగించొద్దు. గోడ పల్చన, కొంచెం బిగించినా గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. తర్వాత ఎంత మంచి వాషర్ వేసినా రెండు చోట్ల పట్టుతుంది, రెండు చోట్ల గాలి వదిలేస్తుంది. బ్యారెల్ దిమ్మ దగ్గరో, చెక్క స్టాక్ ఉన్నప్పుడు పిడి దగ్గరో పట్టించాలి. చెక్క ఊయల లాంటి క్రేడిల్ చేసుకుంటే వైస్ అవసరం సగానికి తగ్గుతుంది.

రోటరీ టూల్ కొనేముందు

సన్నగా గుయ్యిమంటూ తిరిగే ఈ పనిముట్టు మీద అందరికీ మనసు పడుతుంది. రైఫిల్ పనిలో దానికి ఉన్న చోటు చాలా తక్కువ. కాకింగ్ స్లాట్ (కాకింగ్ లింకు కదిలేందుకు ట్యూబ్‌కి ఉన్న పొడవాటి చీలిక) అంచుల మీది గరుకు తీయడం, స్ప్రింగ్ లోపల ఉండే గైడ్‌ని మెరిపించడం, అంతే. వీటిని కూడా చేతి పనితో చేయొచ్చు: సన్నటి సూది ఆకురాయి, తర్వాత 400, 600, 1000 నంబర్ల నీటి ఎమరీ కాగితం, గుండ్రటి కర్రకి చుట్టి. చెయ్యి తప్పితే చేతి పని ఒక గీత పెడుతుంది, రోటరీ టూల్ అయితే గుంట పెడుతుంది.

ట్రిగ్గర్ సియర్ మొనల మీద మాత్రం ఏదీ పెట్టొద్దు. ఆ మొనల గట్టితనం ఉపరితలం మీద పల్చటి పొర మాత్రమే. దాన్ని అరగదీస్తే కింది మెత్తటి ఉక్కు బయటపడుతుంది, మొదటి రోజు ట్రిగ్గర్ తీపిగా అనిపిస్తుంది, కొన్ని వందల షాట్ల తర్వాత మొన గుండ్రపడి, కాక్ చేసిన రైఫిల్ ఏదో ఒక రోజు దానంతట అదే పేలుతుంది. బరువు తగ్గించాలంటే తయారీదారు ఇచ్చిన సర్దుబాటు స్క్రూ ఉంది, అది చాలు.

కాకింగ్ స్లాట్ అంచుల గరుకు తీయడం ఎందుకంటే, కొత్త వాషర్ లోపలికి దూర్చేటప్పుడు ఆ అంచే దాన్ని బ్లేడులా కోస్తుంది. నీళ్ల సీసా ప్లాస్టిక్‌లోంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ కత్తిరించి, స్లాట్ మీదుగా ట్యూబ్ లోపలి గోడకి ఆనించి, దాని మీదుగా వాషర్ జారవిడిచి, పట్టీ లాగేయాలి. ఒక్క రూపాయి ఖర్చు లేని ఈ పట్టీ ఖరీదైన సీల్-ఇన్‌స్టాలర్ కంటే బాగా పనిచేస్తుంది.

కొలిచేవి

150 మిల్లీమీటర్ల వెర్నియర్ ఒకటి చాలు. డిజిటలా, డయలా అనే దాని మీద ఎక్కువ ఆలోచించక్కర్లేదు, మూసినప్పుడు దవడల మధ్య వెలుతురు కనబడకపోతే మంచిదే. స్ప్రింగ్ తీగ మందం, లోపలి వ్యాసం, గైడ్ బయటి వ్యాసం కొలవండి. గైడ్‌కీ స్ప్రింగ్‌కీ మధ్య ఖాళీ ఎక్కువైతేనే కాల్చినప్పుడు బొంయ్‌మనే ఆ మోత. స్ప్రింగ్‌ని అద్దం పలక మీద దొర్లిస్తే వంగిందో లేదో వెంటనే తెలుస్తుంది: గంతులేస్తే మార్చాల్సిందే.

బ్రీచ్ సీల్, అంటే బ్యారెల్ వెనక చివర గాలి పోకుండా ఆపే ఓ-రింగ్, గాలి వదులుతోందో లేదో తెలుసుకోవడానికి మీటరు కొనక్కర్లేదు. సన్నటి టిష్యూ కాగితం ముక్కని బ్రీచ్ కీలు మీద పరిచి, సురక్షితమైన పెల్లెట్ ట్రాప్‌లోకి ఒక షాట్ కాల్చండి. కాగితం ఎగిరితే ఓ-రింగ్ మార్చాలి, లేదా దాని కింద పల్చటి కాగితం షిమ్ పెట్టాలి. పాత ఓ-రింగ్ తీయడానికి ఉక్కు సూది వాడితే గాడిలో గీత పడి కొత్తది కూడా వదిలేస్తుంది. వెదురు పుల్ల చాలు.

గ్రీజు: ఒకే డబ్బా అన్నిటికీ పనికిరాదు

ఇది పనిముట్టు కాదు కానీ చాలామంది చేసిన పనంతా ఇక్కడే చెడుతుంది. పిస్టన్ ముందు గాలి క్షణంలో నొక్కుకుని వేడెక్కుతుంది. అక్కడ పెట్రోలియం నూనె ఉంటే డీజిల్ ఇంజన్‌లోలాగా మండుతుంది. పొగ, కాలిన వాసన, చెవులు దిమ్మెక్కే టప్‌మనే శబ్దం, పెల్లెట్ వేగం ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ. వాషర్ కాలిపోతుంది, స్ప్రింగ్ విరగొచ్చు. తుప్పు పోవడానికి కొట్టే స్ప్రే బ్యారెల్ దిమ్మ మీద నుంచి ట్రాన్స్‌ఫర్ పోర్టులోకి కారినా ఇదే జరుగుతుంది.

ఆటో షాపుల్లో దొరికే మోలీ గ్రీజుకీ మోలీ పేస్టుకీ తేడా ఉంది. గ్రీజులో మాలిబ్డినం పాలు సాధారణంగా 3 శాతం దగ్గర, మిగతాదంతా లిథియం గ్రీజే. పేస్టులో సగానికి పైగా మాలిబ్డినమే ఉంటుంది. పాలీయురెథేన్ వాషర్ పక్క అంచుకి, పిస్టన్ వెనక గుండ్రటి భాగానికి, కాకింగ్ లింకుకి పేస్టు. అగ్గిపుల్ల తల అంత తీసుకుని వేలితో రుద్దితే లోహం మీద బూడిదరంగు మెరుపు మిగలాలి, ముద్ద కనబడకూడదు. వాషర్ ముఖానికి ఏమీ వద్దు. స్ప్రింగ్‌కి జిగురులాంటి చిక్కటి గ్రీజు పల్చగా. మోత తగ్గించాలని దట్టంగా పూస్తే మోత పోతుంది, దానితో పాటు వేగం కూడా పోతుంది.

సిలికాన్ నూనె మంటకి భయపడదు కానీ ఉక్కు మీద ఉక్కు రాసుకునే చోట దానికి బలం లేదు. స్ప్రింగ్‌కి, సియర్‌కి వాడొద్దు. పాత దేశవాళీ రైఫిళ్లలో తోలు వాషర్ ఉంటే లెక్క తిరగబడుతుంది: తోలుకి నూనె కావాలి, ఎండితే ముడుచుకుని గాలి పట్టదు. కొత్త తోలు వాషర్‌ని ఒక రాత్రి సిలికాన్ నూనెలో నానబెట్టి, తుడిచి వేస్తే సరిపోతుంది. తోలా, పాలీయురెథేనా తెలియకుండా గ్రీజు కొనొద్దు.

టార్క్ స్క్రూడ్రైవర్ అవసరమా

స్కోప్ పెట్టుకునేవాళ్లకి అవసరం, ఓపెన్ సైట్‌తో కాల్చేవాళ్లకి కాదు. చాలామంది మౌంట్ తయారీదారులు రింగు పై స్క్రూలకి 1.7 నుంచి 2.3 న్యూటన్ మీటర్లు చెబుతారు. చేతి అంచనా సులువుగా దానికి రెట్టింపు దాటుతుంది, స్కోప్ ట్యూబ్ నొక్కుకుపోతుంది. సైకిల్ షాపుల్లో దొరికే టార్క్ రెంచ్‌లు తరచుగా 2 న్యూటన్ మీటర్ల దగ్గర మొదలవుతాయి, అలాంటి పనిముట్టు తన అట్టడుగు అంకె దగ్గరే ఎక్కువ తప్పు చూపిస్తుంది. 1 నుంచి 5 వరకు కొలిచేది చూసుకోండి. స్ప్రింగ్ రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండు వైపులా తన్నుతుంది కాబట్టి మౌంట్‌కి స్టాప్ పిన్ ఉండాలి, స్కోప్ మీద ఎయిర్ గన్‌కి పనికొస్తుందని రాసి ఉండాలి. స్టాక్ స్క్రూలు వదులవుతుంటే నీలం రంగు, మధ్యరకం థ్రెడ్‌లాకర్ ఒక చుక్క. ఎరుపు రంగుది వేస్తే మళ్లీ విప్పడానికి వేడి చేయాలి, చెక్క స్టాక్ పక్కన ఆ పని కుదరదు.

శుభ్రం చేసే కడ్డీ కంటే నైలాన్ తీగతో లాగే పుల్-త్రూ మేలు, మూతి అంచు అరగదు. ఫెల్ట్ పెల్లెట్లని ఒంటరిగా కాల్చొద్దు, బరువు లేక అది ఖాళీ తుపాకీ పేల్చినట్టే అయి పిస్టన్ గోడకి కొట్టుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరాల్లో వానాకాలం వస్తే ఏ పనిముట్టు కంటే ముందు పాత బనియన్ గుడ్డకి రెండు చుక్కల నూనె, చేయి తగిలిన ప్రతిసారీ బయటి ఇనుముకి ఒక తుడుపు.

క్రోనోగ్రాఫ్

పెల్లెట్ వేగం కొలిచే దీన్ని విలాసం అనుకుని ఆఖరున పెడతారు. మేం దీన్ని కంప్రెసర్ తర్వాత రెండోదిగా పెడతాం, ఎందుకంటే రైఫిల్ 20 జౌళ్ల లోపే ఉందని నిరూపించే వస్తువు ఇదొక్కటే. కొత్త స్ప్రింగ్ వేసి కూర్చాక శక్తి ఎంతకి మారిందో చెయ్యి చెప్పలేదు.

వెలుతురులో నీడ పట్టుకునే పాత రకం పెట్టె ఎండలో బాగా పనిచేస్తుంది. ఇంట్లో ట్యూబ్‌లైట్, చవక ఎల్ఈడీ కింద మన 50 హెర్ట్జ్ కరెంటుకి దీపం సెకనుకి 100 సార్లు మినుకుతుంది, ఆ మినుకుని పెల్లెట్ అనుకుని తప్పు అంకెలు చూపిస్తుంది. మూతికి బిగించే ఇన్‌ఫ్రారెడ్ రకం లోపల తన సొంత కాంతి ఉంటుంది, గదిలో వాడొచ్చు, చవక కూడా. దాని ప్రమాదం ఒకటే: కొంచెం వంకరగా బిగిస్తే పెల్లెట్ దాన్నే కొడుతుంది. బిగించాక బ్యారెల్ వంచి, బ్రీచ్ వైపు నుంచి నాళంలోంచి వెలుతురుకి చూసి, నడిమికే ఉందో లేదో ప్రతిసారీ తేల్చుకోవాలి. రాడార్ రకం మూడింటిలో ఉత్తమం, ఖరీదులో కూడా. ఒకే రైఫిల్ ఉన్న మనిషికి మధ్యదే చాలు.

కూర్చిన వెంటనే వచ్చే అంకెలని నమ్మొద్దు. మొదటి 30 షాట్లలో మిగిలిన గ్రీజు కాలుతుంది, వేగం పైకీ కిందకీ ఊగుతుంది. తర్వాత 10 షాట్ల సగటు తీయండి. పెల్లెట్ బరువు గ్రాముల్లో, వేగం సెకనుకి మీటర్లలో తీసుకుని, వేగాన్ని వేగంతో గుణించి, బరువుతో గుణించి, 2000తో భాగిస్తే జౌళ్లు. 0.547 గ్రాముల పెల్లెట్‌కి 20 జౌళ్ల హద్దు సెకనుకి 270 మీటర్ల దగ్గర పడుతుంది, 0.67 గ్రాములదానికి 244 దగ్గర. ఒకే రైఫిల్ ఒక రకం పెల్లెట్‌తో హద్దు లోపల, ఇంకో రకంతో హద్దు దాటి ఉండొచ్చు, కాబట్టి మీరు వాడే ప్రతి రకంతోనూ కొలవాలి. సగటు 19కి చేరినా రైఫిల్ మళ్లీ విప్పి, ముందస్తు నొక్కు తక్కువున్న స్ప్రింగ్ వేయాలి లేదా స్ప్రింగ్ వెనక వేసిన అదనపు వాషర్ తీసేయాలి, ఎందుకంటే ఎండాకాలం గదిలో గ్రీజు పల్చబడితే అదే రైఫిల్ ఇంకాస్త వేగం చూపించొచ్చు. స్ప్రింగ్‌ని కట్టర్‌తో కోసి పొట్టి చేయడం మాత్రం వద్దు: కోసిన చివర చదునుగా కూర్చోదు, వేడి చేసి చదును చేస్తే అక్కడ గట్టితనం పోతుంది, కొన్నాళ్లకి అక్కడే విరుగుతుంది.